సుంకులక్క వేయించిన రాళ్లదారి

ఊఁ కొట్టేవాళ్లుంటేనే కథ నడుస్తుంది. లేకపోతే అదీ మీతోపాటే నిద్రపోతుంది. కొడతారా? అయితే వినండి.

మీ తాతకు తాత ఇంకా పాకుతున్న రోజుల్లో గుండ్లవంక అని ఒక ఏరు ఉండేది. వంకకు తూర్పున ఒక రాజ్యం, పడమర ఒక రాజ్యం. రెండు గట్ల మీదా అదే ఎర్రమట్టి, అవే కొర్రచేలు, అవే గొర్రెలు. మాటా ఒకటే, తిట్టూ ఒకటే. తేడా అల్లా ఒక్క సంగతిలోనే.

తూర్పు గట్టువాళ్లకు రాజంటే దేవుడు. పల్లకి వస్తోందంటే దుమ్ములో బోర్లా పడుకునేవాళ్లు. వాన పడితే "ప్రభువు దయ" అనేవాళ్లు. పడకపోతే "ప్రభువుకు ఇంకా తీరిక దొరకలేదు" అనేవాళ్లు. ఆజ్ఞ లేనిదే ఆవలించేవాళ్లు కూడా కాదు.

పడమటి గట్టువాళ్లకు రాజంటే దొంగ. రాజు మనిషి వస్తున్నాడంటే కోళ్లను గంపల కింద, మేకలను మంచాల కింద దాచి, తాము పోయి గడ్డివాముల్లో దూరేవాళ్లు. "రాజు కూర్చోమంటే నిలబడు, నిలబడమంటే పరిగెత్తు" అని పిల్లలకు ఉగ్గుపాలతో నేర్పేవాళ్లు.

ఈ రెండు గట్ల మీదా తిరిగి బతికే మనిషి సుంకులక్క. రోళ్లకూ తిరగళ్లకూ కక్కు కొట్టడం ఆమె పని. అరిగి నున్నబడిన రాయిని ఉలితో గరుకు చేస్తే మళ్లీ పిండి పడుతుంది. "కక్కు కొడతామమ్మా కక్కూ!" అని గాడిదను తోలుకుంటూ తిరిగేది. ఇల్లు తూర్పు గట్టున. ఒక్కగానొక్క కూతురు ఈరమ్మను ఇచ్చింది పడమటి గట్టున.

వంక దాటడానికి పెద్ద పెద్ద బండలు వరసగా పరిచి ఉండేవి. దాన్ని రాళ్లదారి అనేవాళ్లు. ఒక ఏడు వాన దంచి కొట్టింది. వంక పొంగింది. రాళ్లదారి కొట్టుకుపోయింది. వరద తగ్గినా నడుముల్లోతు నీళ్లు, మనిషిని నిలవనీయని వడి. సుంకులక్క గాడిద ఒకసారి దాటబోయి మూడు ఊళ్లకవతల తేలింది. బతికొచ్చింది గానీ, మళ్లీ నీళ్లు తాగడానికి కూడా వంక దగ్గరికి రాలేదు.

అప్పటికి ఈరమ్మ నిండు చూలాలు. ఒకరోజు అవతలి గట్టు నుంచి కేక వినబడింది.

"సుంకులక్కా! నీకు మనవరాలు పుట్టిందీ!"

సుంకులక్క పరిగెత్తింది. అవతల ఈరమ్మ గుడ్డమూట ఒకటి పైకెత్తి చూపించింది.

"ఎవరి పోలికే?" అని అరిచింది సుంకులక్క.

"ఆఁ?"

"ముక్కు నాదేనా అంటాండా!"

"వినపడలేదమ్మా!"

గాలి మాటలన్నీ ఎత్తుకుపోయింది. మూట ఒకసారి కదిలింది. అంతే. సుంకులక్క గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, లేచింది.

మొదట తూర్పు ఊరి పెద్ద వీరనాగయ్య దగ్గరికి పోయింది.

"అన్నా, రాళ్లదారి వేద్దాం పా."

"ప్రభువు చూసుకుంటాడు సుంకులూ," అన్నాడు వీరనాగయ్య. "ఆయన ఆజ్ఞ లేకుండా మనం రాయి కదిపితే, ఆయన చూడలేదని మనం అన్నట్టు కాదా? పాపం!"

తర్వాత వంక గట్టున నిలబడి, అవతలి ఊరి పెద్ద గిడ్డయ్యను కేకేసింది.

"గిడ్డన్నా! రాళ్లదారి వేద్దామా?"

"మెల్లగా మాట్లాడు!" అని గావుకేక పెట్టాడు గిడ్డయ్య. "మా రాజు చెవిన పడితే రాళ్లు కూడా ఎత్తుకుపోతాడు! దారి లేకుంటేనే మంచిది. వాని మనుషులు కూడా రారు!"

చివరికి గంగమ్మకు మొక్కింది. "నువ్వయినా పక్కకు జరుగు తల్లీ." గంగమ్మ తన పాటికి తాను పారింది.

సుంకులక్క ఆలోచించింది. ఒక గట్టు ఆజ్ఞ ఉంటేనే కదులుతుంది. ఇంకో గట్టు వద్దంటేనే కదులుతుంది. అయితే సరే.

వీరనాగయ్య ఇంటికి మళ్లీ పోయింది. "అన్నా, వేయమన్నారంట!"

"ఎవరు?"

సుంకులక్క చేతులు జోడించి ఆకాశం వైపు చూసింది. వీరనాగయ్యకు ఒళ్లు పులకరించింది. "ఆహా! ప్రభువు చూశాడు!" అని ఊరందరినీ లేపాడు. బండలు దొర్లించడం మొదలుపెట్టారు.

సుంకులక్క గట్టుకు పోయింది. "గిడ్డన్నా! రాళ్లదారి వద్దన్నారంట!"

"ఎవరు?"

"ఇంకెవరు!"

"వద్దనడానికి వాడెవడు?" అన్నాడు గిడ్డయ్య. "మా వంక, మా రాళ్లు! రేయ్, గడ్డపారలు తీయండ్రా!"

తూర్పు నుంచి భక్తిగా, పడమర నుంచి కోపంగా, బండ వెనక బండ పడింది. నడిమధ్యలో ఇంక ఒకే ఒక్క రాయి పడాలి.

అప్పుడొచ్చారు రాజులు.

తన గురించి ఊళ్లలో భజనలు చేస్తున్నారని తూర్పు రాజు విన్నాడు. తన గురించి శాపనార్థాలు పెడుతున్నారని పడమటి రాజు విన్నాడు. ఏమీ చేయకుండా ఇంత పేరు ఎట్లా వచ్చిందా అని ఇద్దరూ బయలుదేరారు. తూర్పు జనం బోర్లా పడుకున్నారు. పడమటి జనం గుండ్ల చాటున నక్కారు. రాజులిద్దరూ చెరో వైపు నుంచి చివరి బండ దాకా నడిచి, ఎదురూబొదురూ నిలబడ్డారు. సుంకులక్కను పిలిపించారు.

"నా పేరు చెప్పింది నువ్వేనా? నాలుక కోయిస్తా!" అన్నాడు తూర్పు రాజు. "నేను ఆజ్ఞే ఇవ్వలేదే!"

ఆ మాట వీరనాగయ్య చెవిన పడింది. దుమ్ములోంచి తల ఎత్తాడు. "ఇవ్వలేదంట! అయ్యో, తప్పయిపోయింది! తీసేయండి, తీసేయండి!"

జనం లేచి బండలు పెకలించసాగారు. రాజు నిలబడ్డ బండ ఊగింది. కిరీటం చెవి మీదికి జారింది.

"ఆగండి! ఇచ్చాను! ఆజ్ఞ నాదే!"

జనం బండలు సర్ది, మళ్లీ బోర్లా పడుకున్నారు.

అది చూసి పడమటి రాజు పగలబడి నవ్వాడు. "ఇంత తెలివితక్కువ జనమా! నేను మా వాళ్లకు నిజం చెప్తా, చూడు." వెనక్కి తిరిగి అరిచాడు. "ప్రజలారా! ఈ దారి నాకు చాలా ఇష్టం!"

ఒక గుండు చాటు నుంచి గిడ్డయ్య తల పైకి లేచింది. "ఇష్టమంట! అయితే ఇందులో ఏదో మోసం ఉంది. తీసేయండ్రా!"

గడ్డపారలు లేచాయి. రాజు వెనక రెండు బండలు మాయమయ్యాయి. మూడోది ఆయన కాలికింద కదిలింది.

"దొరా, వద్దనండి!" అంది సుంకులక్క. "గట్టిగా వద్దనండి!"

"వద్దు! నాకు ఇష్టం లేదు!" అని రాజు గొంతు చించుకున్నాడు. "తీసిన రాళ్లు మళ్లీ పెట్టారో, ఈ నడుమ ఇంకో రాయి వేశారో, ఒక్కొక్కని అంతు చూస్తా!"

మాట పూర్తి కాకముందే తీసిన రాళ్లు పడ్డాయి. నడిమి రాయీ పడింది. నీళ్లు ఎగజిమ్మి ఇద్దరు రాజులూ నిలువునా తడిశారు.

తర్వాత పడమటి రాజు గొంతు తగ్గించి అడిగాడు. "మావాళ్లకు నేనంటే అంత కోపమా?"

"మీ తాతల నాటి నుంచి మీ మనుషులు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుపోయినారు దొరా. ఒకసారి ఏమన్నా పెట్టి పోండి. చెప్పకుండా పోండి."

తూర్పు రాజు మీసం పిండుకుంటూ అడిగాడు. "మరి మావాళ్లకు నేనంటే అంత ప్రేమా?"

"ఏమో దొరా. వాళ్లు మీ ముఖం ఇంకా చూడనే లేదు."

నాలుక కోయించే సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఒక రాజు ఆజ్ఞ ఇచ్చినట్టు, ఒక రాజు కోపంగా ఉన్నట్టు, చెరో దారినా పోయారు.

సుంకులక్క చివరి రాయి దాటింది. అవతల ఈరమ్మ నిలబడి ఉంది. సుంకులక్క మూట విప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ముక్కు నాది కాదే," అంది. "పోనీలే. గొంతు నాదే."

బిడ్డ వంక దద్దరిల్లేలా ఏడుస్తోంది మరి.

ఆ తర్వాత సుంకులక్క చాలా ఏళ్లు బతికింది. రెండు గట్ల మీదా కక్కు కొట్టి, ముసలిదై, ఒక ఎండాకాలం మనవరాలి ఇంట్లో కన్నుమూసింది. రెండు గట్లవాళ్లూ కలిసి మోశారు. మోయమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

ఇప్పటికీ వానలు వెలిశాక, కదిలిన బండలు సర్దడానికి ఆ చుట్టుపక్కల జనం గుండ్లవంకకు వస్తారు. ముందు తూర్పు గట్టు నుంచి ఒక ముసలావిడ "వేయమన్నారంటా!" అని కేకేస్తుంది. పడమటి గట్టు నుంచి ఇంకొకావిడ "వద్దన్నారంటా!" అని జవాబిస్తుంది. అందరూ గొల్లున నవ్వి నీళ్లలోకి దిగుతారు.

"ఎవరన్నారవ్వా?" అని పిల్లలు అడుగుతారు.

"సుంకులక్క! ఇంక ఆ రాయి ఆ పక్క పట్టు," అంటారు.