ఖాళీ ఊరి పొగ

రాజుగారు సముద్రం ఒడ్డున కొత్త రేవు కట్టిస్తున్నారని కొండదిబ్బ ఊరంతా కూలికి తరలిపోయింది. ముసలి ఎర్నమ్మ ఒక్కతే మిగిలింది. ఆ రాజ్యంలో ఇంటింటా పొయ్యి వెలగని ఊరిని ఊరుగా లెక్కకట్టరు. అందుకని ఇళ్లు కూల్చి, ఆ నేలలో రేవుకు రాళ్లు తవ్విద్దామని మంత్రి పల్లకీలో వచ్చాడు.

చూస్తే ప్రతి ఇంటి కప్పు మీదా పొగ! లోపల మనుషులు లేరు. పొయ్యిలు మండుతున్నాయి కానీ వాటి మీద కుండలు లేవు. చివరి ఇంట్లో ఎర్నమ్మ పొయ్యి ఊదుతోంది.

"నరపురుగు లేని ఊళ్లో ఇన్ని పొయ్యిలా? ఎవరిని మోసం చేద్దామనే, ముసలీ?"

"మోసమేముంది బాబూ? వాళ్లు అక్కడ మీ పని చేస్తున్నారు. నేనిక్కడ వాళ్ల పని చేస్తున్నాను."

"మరి కుండలేవీ?"

"వాళ్లొచ్చిన రోజున పెడతాను. ఎప్పుడు పంపిస్తారో తమరే సెలవియ్యండి."

మంత్రి మనసులో లెక్క వేసుకున్నాడు. పంపనంటే ఆ కబురు రేవుకు చేరి కూలీలు పలుగులు పారేస్తారు. పంపుతానంటే వాళ్లు రావడానికి ఊరుండాలి. గొణుక్కుంటూ పల్లకీ ఎక్కాడు.

ఊరు నిలిచింది. ఇక చూసేవాళ్లెవరూ లేకపోయినా, మర్నాడు పొద్దువాలగానే ఎర్నమ్మ మళ్లీ నిప్పు పట్టుకుని బయల్దేరింది. ప్రతి గడప ముందూ ఆగి, ఆ ఇంటివాళ్లను పేరుపేరునా పిలిచి, జవాబు కోసం కాసేపు చూసి, లోపలికి వెళ్లింది.