ముప్పాతిక తీసెయ్యి

గవరమ్మకి ముప్పై ఎనిమిదేళ్ళు. ఏ మాటైనా పెంచి చెప్పడం ఆవిడ అలవాటు. మొగుడు సన్యాసినాయుడికీ, మరిది పోలినాయుడికీ ఆ అలవాటు లేదు. విన్నది విన్నట్టు నమ్మడమే తెలివనుకునే అన్నదమ్ములు వాళ్ళు. ఊళ్ళో ఇంత తెలివైన కొంప ఇంకోటి లేదని అరుగు మీద కూర్చుని ఒకరినొకరు మెచ్చుకునేవారు. లోపల గవరమ్మ వండేది.

ఆవిడకి కావలసిందల్లా ఒక్క పూట విశ్రాంతి. ఒకనాడు రుబ్బురోలు ముందు కూర్చుని, నడుం రెండు ముక్కలైపోయింది, ఈ పూట మీరెవరైనా వండండి అంది. ఇంకేముంది, ముక్కలు విడిపోకుండా ఇద్దరూ కలిసి ఆవిడ నడుముకి వెదురుబద్దలు పెట్టి, ఎద్దుల పలుపుతో బిగించేశారు. ఇప్పుడు అతుక్కుంది కదా, వండెయ్యి అన్నారు.

బద్దలతో పొయ్యి దగ్గర వంగలేక, మీతో వేగలేక చచ్చిపోయాను పొండి అంది గవరమ్మ. అంతే. పోలినాయుడు పాడె కట్టడానికి పోయాడు. సన్యాసినాయుడు గుమ్మంలో చతికిలబడి ఘొల్లుమన్నాడు. బతికే ఉన్నానని ఆవిడ ఎదురుగా నిలబడి మొత్తుకుంది.

"చచ్చిపోయానని నువ్వే చెప్పావు కదే, నీ మాట నేను కాదంటానా" అన్నాడు మొగుడు. "పోతే పోయావు, చారు పెట్టి పోవలసింది."

పక్కింటి మేష్టారు వచ్చి పాడె విప్పించాడు. బాధ ఎదుటివాడికి తెలియాలని మనుషులు మాట పెంచుతారయ్యా, ఆ పెంపు తీసేసి వినాలి అన్నాడు. ఎంత తియ్యాలని అడిగారు అన్నదమ్ములు. ఆయన విసిగిపోయి, ముప్పాతిక తీసెయ్యండి అనేసి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పింది అందరి మాట గురించి. వీళ్ళు మాత్రం దాన్ని గవరమ్మ ఒక్కదానికే అట్టేపెట్టారు.

మర్నాడు పొయ్యిలోంచి రవ్వ ఎగిరి చూరు అంటుకుంది. వంటిల్లు తగలబడిపోతోంది, బిందెలతో నీళ్ళు తెండని గవరమ్మ కేకేసింది. ముప్పాతిక తీసెయ్యరా తమ్ముడూ అన్నాడు అన్న. ఇంకేముంది, చెంబుడు నీళ్ళు తెచ్చి పొదుపుగా చిలకరించారు. వంటిల్లు బూడిదైంది.

గవరమ్మ ఒళ్ళు దులుపుకుంది. చీర మార్చుకుంది. ఈసారి ఒక్క అక్షరం పెంచకుండా చెప్పింది.

"నేను పోతున్నాను. ఇక రాను."

అన్నదమ్ములు లెక్కేశారు. ఇందులో పావు వంతంటే వీధి మలుపు దాకా. "వదిన మలుపు దాకా వెళ్ళి వచ్చేస్తుంది, విస్తళ్ళు వెయ్యన్నయ్యా" అన్నాడు పోలినాయుడు. అంతే, బూడిదలోనే విస్తళ్ళు పరుచుకుని, చేతులు కడుక్కుని, వడ్డన కోసం బుద్ధిగా కూర్చున్నారు.

గవరమ్మ తునిలో మెస్ పెట్టుకుంది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు.