బొటనవేలంత చిలుక

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరినీ ఏడు సముద్రాల అవతల గండకేతుడనే మాంత్రికుడు రాళ్ళుగా మార్చేశాడు. వాడి ప్రాణం బొటనవేలంత చిలుకలో ఉంది. చిన్నవాడు కుముదసేనుడు అన్నల కోసం బయల్దేరి, సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వీపెక్కాడు.

"ఆ చిలుక వాడి దీవి దాటితే వాడి మంత్రం పారదు నాయనా," అంది తాబేలు. "దాటేదాకా వాడికి తెలియకూడదు. కళ్ళు తెరవగానే పంజరంకేసి చూస్తాడు. మీ పెద్దన్న చిలుకను తీసి, బదులుగా బంగారు చిలుకను పెట్టాడు, మెరిసింది. రెండో అన్న కర్ర చిలుకను పెట్టాడు, ఈక కదల్లేదు. ఇద్దరూ దొరికిపోయారు. నువ్వు ముందు జపాను దీవిలో దిగు."

అక్కడ హనాయె అవ్వ, మనవరాలు సాయో చెట్టు బెరడు ఉడకబెట్టి, దంచి, కాగితం చేస్తారు. ఆ కాగితంతో గోరంత పిట్టలు, వేలంత జింకలు చేస్తారు.

కాగితంతో చిలుకను చేద్దామని కుముదసేనుడు కత్తెర తీశాడు. అవ్వ చేతిమీద ఒక్కటేసింది.

"కోస్తే అంచు బోడిగా ఉంటుందిరా! నీటి గీత గీసి, మెల్లగా లాగు. నార నూగులా లేస్తుంది. అదే ఈక."

మొదటి చిలుక నీళ్ళెక్కువై ముద్దయింది. రెండోదాన్ని విసురుగా లాగాడు, మెడ ఊడింది.

"చిలుకా ఇది, మొండి కోడిపిల్లా?" అని సాయో నవ్వింది.

"రాజు కొడుకువైతే కాగితానికేంటి? దానికి నీ కిరీటం కనపడదు. మళ్ళీ చెయ్యి!" అంది అవ్వ.

మళ్ళీ చేశాడు. మూడో చిలుకకు ఊపిరి తగిలితే ఒళ్ళంతా నూగు కదిలింది.

దాన్ని తీసుకుని తాబేలు మీద గండకేతుడి దీవి చేరాడు. మధ్యాహ్నం మాంత్రికుడు కునుకు తీస్తుండగా కుముదసేనుడు చిలుకలను మార్చాడు. అసలు చిలుక పిడికిట్లో గజగజ వణికింది. మెడ పిసికితే పని అయిపోతుంది.

"చంపకు బాబూ! వాడి ప్రాణం దాచుకుంది వాడు, పంజరంలో పడింది నేను," అంది చిలుక.

పాపం, నిజమే కదా! కుముదసేనుడు కిటికీలోంచి వదిలేసి, తలుపు చాటున నక్కాడు. చిలుక ఇంకా ఒడ్డు దాటనేలేదు, మాంత్రికుడు లేచాడు! పంజరం దగ్గర మొహం పెట్టాడు. వాడి ఊపిరికి కాగితం ఈకలు రెపరెపలాడాయి.

"ఉన్నావా, నా తల్లీ!" అని ఆవులించాడు.

ఆ కాసేపట్లో చిలుక సముద్రం మీదికి వెళ్ళిపోయింది. వాకిట్లో రాళ్ళు ఒళ్ళు విరుచుకుని అన్నలయ్యాయి. మాంత్రికుడు మంత్రం వేశాడు, పారలేదు. మళ్ళీ వేశాడు, పారలేదు. కూలబడి ఏడ్చాడు.

పెద్దన్న కత్తి దూశాడు. కుముదసేనుడు అడ్డం నిలబడ్డాడు. "ఇప్పుడు వీడొక ముసలాయన అన్నా, అంతే."

అతణ్ణి అవ్వ దగ్గరికి తీసుకెళ్ళారు. అవ్వ ఎగాదిగా చూసి, చేతికి రోకలిచ్చింది. "బెరడు దంచు. గంజి పోస్తాను."

కుముదసేనుడు సాయోను పెళ్ళాడి, మనిషి ఏడిస్తే ఆగి వినే రాజుగా చాలాకాలం ఏలాడు. వాళ్ళు సుఖంగా ఉన్నారు, కథ విన్న మీరూ సుఖంగా ఉండండర్రా.