సింగారమ్మ చెడగొట్టిన దుప్పట్లు

కొండవాగు వచ్చి ఏట్లో పడే చోట, రెల్లు దుబ్బుల మధ్య, జంతువుల వాడ ఒకటి ఉండేది. ఎవరి పని వాళ్ళది. గిజిగాళ్ళు బట్ట నేసేవి. ఎద్దులూ గేదెలూ గట్టు మీద చేలు దున్నేవి. సింగారమ్మ అనే ఉడుత బట్టల మీద అచ్చులు వేసేది. టేకు చెక్కను పళ్ళతో కొరికి అచ్చు చెక్కుతుంది. దాన్ని రంగులో అద్ది బట్ట మీద పెట్టి, పైకెక్కి రెండు గంతులు వేస్తుంది. ముద్ర పడుతుంది. నెమలి అడిగినవాళ్ళకు నెమలి, తామర అడిగినవాళ్ళకు తామర. ఒకరికి వేసిన బొమ్మ ఇంకొకరికి వేయదు. ఆ పట్టింపుతోనే ఆమెకు పేరొచ్చింది. పేరు వెనకాలే కాస్త తలబిరుసూ వచ్చింది.

ఆ ఏడు ఏరువాక పండగ ముందు మందపెద్ద ఓబులయ్య ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఓబులయ్య ముసలి ఎద్దు, మహా నిదానస్తుడు. పండగ ఊరేగింపులో మందంతా ఒకే రకం దుప్పట్లు వీపుల మీద కప్పుకోవాలనీ, వాటి మీద ఎర్రటి జొన్నకంకులుండాలనీ చెప్పాడు. వెళ్ళబోతూ, ముందు ఒక్క గుడ్డ మీద వేసి చూసుకుంటే మంచిదేమో అన్నాడు.

ఆ ఆఖరి మాట సింగారమ్మకు ముల్లులా గుచ్చుకుంది. తన చేతి మీద నమ్మకం లేనివాళ్ళు తన గుమ్మం ఎక్కక్కర్లేదని తెగేసి చెప్పింది. ఓబులయ్య తోక ఊపి వెళ్ళిపోయాడు.

కంకిని మాత్రం ఆమె అద్భుతంగా చెక్కింది. గింజ గింజా విడివిడిగా, మీసాలతో సహా. తన వేలెడు కంకి. చిరివేరు ఉడికించి తీసిన ఎరుపుతో దుప్పట్లన్నిటి మీదా ఎడం లేకుండా అద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని మురిసిపోయింది. ఒక్కదాన్నీ తడిపి చూడలేదు.

పండగనాడు మంద గట్టు మీదికి వచ్చింది. చూడవచ్చిన వాళ్ళు దూరాన నిలబడ్డారు. అంత దూరానికి కంకులెక్కడ కనిపిస్తాయి? వీపుల నిండా ఎర్రటి చుక్కలు. మందకంతా నెత్తురు పీల్చే పిడుదులు పట్టాయని ఎవరో అన్నారు. నవ్వు ఆ చివరి నుంచి ఈ చివరికి పాకింది. అంతలో తొలకరి జల్లు పడింది. రంగు కరిగి పక్కల మీంచి, కాళ్ళ మీంచి కారింది. ముత్తమ్మ అనే గేదె వెంట నడుస్తున్న దూడ, తల్లి కాళ్ళ వెంట ఎర్రగా కారడం చూసి నెత్తురనుకుని బావురుమంది. ఆ అరుపుకి మంద బెదిరి చెల్లాచెదురైంది. పండగ అక్కడితో సరి.

మర్నాడు ఇసుకతిన్నె మీద పంచాయతీ పెట్టారు. అందరికంటే ముందు లేచినవాడు నక్క నాంచారయ్య. ఏ పనీ చెయ్యకుండా అందరి పనుల్లోనూ వంకలు వెతకడం అతని వృత్తి. ఆ దుప్పట్లు కళ్ళ ముందుంటే వాడకే అప్రతిష్ఠ అనీ, వాటిని కుప్పవేసి కాల్చేయాలనీ, సింగారమ్మ ఇక అచ్చు ముట్టకూడదనీ, వచ్చే ఏటి దుప్పట్ల సంగతి తాను చూసుకుంటాననీ తీయగా చెప్పాడు. తర్వాత ఆమె వైపు తిరిగి జాలిగా తల ఊపాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల, చెల్లెమ్మా?"

సింగారమ్మ అప్పటిదాకా తల వంచుకునే ఉంది. ఆ మాటకు ఎత్తింది.

"అడుసు తొక్కకుండా నారు నాటినవాళ్ళు ఎవరు, అన్నా? తప్పు నాది. కాబట్టి గుడ్డలూ నావే. ఒక్క దారప్పోగు కాల్చనివ్వను."

అని, దుప్పట్లన్నీ ఇంటికి ఈడ్చుకుపోయింది. పోయి దాచిందా అంటే అదీ లేదు. అందరూ ఏటికి నడిచే బాట పక్కన, తన ముళ్ళకంచె మీద పొడుగునా ఆరేసింది. చూసి నవ్వేవాళ్ళు అక్కడే నవ్వుకోమంది.

పైకి అంత అన్నా, తొర్రలోకి దూరాక తోక మొహాన కప్పుకుని ఏడ్చింది. ఆ గుడ్డలన్నీ కొరికి పీలికలు చేసేద్దామన్నంత కసి పుట్టింది. ఆ కసితోనే బయటికొచ్చి చెట్టెక్కింది. పై కొమ్మ నుంచి కంచె వైపు చూస్తే నిజంగానే పిడుదులు. తన పనిని ముక్కు దూరం నుంచి తప్ప తానెన్నడూ చూడలేదని అప్పుడు తెలిసింది. ఏడుస్తున్నదల్లా నవ్వేసింది.

తెల్లవారి ఓబులయ్య దగ్గరకు పోయింది. క్షమించమనడం ఆమెకు చేతకాదు. ఒక గుడ్డ కప్పుకుని కాసేపు అవతలి గట్టు మీద నిలబడతావా మావా అని మాత్రం అడిగింది. ఓబులయ్య మారుమాట లేకుండా వెళ్ళి నిలబడ్డాడు. ఆనాడే కాదు, ఆమె పిలిచినప్పుడల్లా నిలబడ్డాడు. కంకి వేలెడు నుంచి జానెడైంది. జానెడు కంకి అవతలి గట్టుకి కనిపించింది గానీ, ఒక ముద్ర కాడ పక్క ముద్ర కాడతో కలవక తెగిన తాడులా వేలాడింది. ఆ గుడ్డా కంచెకెక్కింది. మళ్ళీ చెక్కింది.

ఇక రంగు. జిగురు కలిపితే అట్టలు కట్టి ఊడింది. సున్నం కలిపితే బట్టే తినేసింది. అవన్నీ కంచె మీదికే పోయాయి. నాంచారయ్య పై వాడల చుట్టాలను వెంటబెట్టుకొచ్చి మరీ వాటిని చూపించేవాడు. సింగారమ్మ పళ్ళు నూరుకుంటూనే రంగు నూరుకునేది.

ఒకరోజు కంచె వెంట నడుస్తూ, ముత్తమ్మ పండగనాడు కప్పుకున్న దుప్పటి దగ్గర ఆగిపోయింది. గుడ్డంతా రంగు అలికినట్టుంటే, ఒక మూల మాత్రం నాలుగు కంకులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముత్తమ్మను పిలిచి అడిగింది. అచ్చు వేయకముందు ఆ దుప్పటి ఎక్కడ పెట్టారు, దాని మీద ఏం పడింది, అని గుచ్చి గుచ్చి అడిగితే, దూడ ఆ మూల మీద పాలు కక్కిందని ముత్తమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. సింగారమ్మ ఆ మూలను మళ్ళీ తడిమి చూసింది. ఆరోజు ఆ గుడ్డ కాలిపోయి ఉంటే ఈ ముక్క తనకెవరు చెప్పేవారు?

గేదెపాలలో బట్ట నానబెట్టి అద్దింది. చీమలు బారులు తీరాయి. కరక్కాయ పొడి కలిపి మళ్ళీ నానబెట్టింది. ఈసారి చీమ రాలేదు. ఏట్లో ఎంత జాడించినా రంగు కదల్లేదు.

ఆ గుడ్డ జాడించడానికి ఏటికి వెళ్ళిన పూటే, తొర్రలో ఉన్న కొత్త అచ్చు మాయమైంది. ఎవరి పనో ఊహించింది గానీ, చూడకుండా నింద వేయడమెలా? మనసులో ఉన్న కంకిని మళ్ళీ చెక్కుకుంది.

మళ్ళీ ఏరువాక దగ్గరపడింది. ఈసారి దుప్పట్లు ఎంచుకోవడానికి మంద ఇసుకతిన్నె మీద చేరింది. నాంచారయ్య ముందుగా వచ్చి తన దుప్పటి విప్పాడు. ఎర్రటి జానెడు కంకులు, కాడకు కాడ కలిసి, తళతళలాడుతున్నాయి. అందరూ నోళ్ళు తెరిచారు. వెనకనుంచి వచ్చి సింగారమ్మ తనది విప్పింది. అదే కంకి. గింజకు గింజ అదే.

నాంచారయ్య నిట్టూర్చాడు. తాను ఎన్నాళ్ళో ఆలోచించి వేసిన బొమ్మను ఈ ఉడుత చాటుగా చూసి దించేసిందనీ, నిరుడు పిడుదులు వేసిన చెయ్యి ఇంత పని చెయ్యగలదా అనీ మందను అడిగాడు. ఒకరి పని దొంగిలించినవాళ్ళను ఏరు దాటించి వెళ్ళగొట్టడం ఆ వాడ కట్టుబాటు. కొన్ని తలలు అతని మాటకు ఊగాయి. సింగారమ్మ తన దుప్పటి పట్టుకుని ముందుకొచ్చింది.

"నాంచారయ్యా, కంకి నీదే అనుకుందాం. మరి నువ్వు చెడగొట్టిన గుడ్డలేవి?"

"నా చేతిలో ఎందుకు చెడతాయి? మొదటిసారికే కుదిరింది."

"నావి కంచె మీదున్నాయి. ఏడాదంతా నువ్వే దగ్గరుండి చూపించావు."

ఓబులయ్య నెమరు ఆపాడు.

"ఈ కంకి వేలెడు నుంచి జానెడు కావడం మేమంతా చూశాం," అన్నాడు. "చూసి నవ్వాం కూడా."

నాంచారయ్య తగ్గలేదు. కంచె మీది గుడ్డలు సాక్ష్యం చెప్పవన్నాడు. అయితే ఏరు చెబుతుంది, ఇద్దరివీ ముంచుదామంది సింగారమ్మ. కాదంటే అనుమానం వస్తుంది. అందుకని నాంచారయ్య ధీమాగా తన దుప్పటిని ఒళ్ళంతా చుట్టుకుని తానే నీళ్ళలోకి దిగాడు. గేదెపాల సంగతి, కరక్కాయ సంగతి అచ్చు మీద రాసిలేవు కదా. చుట్టూ నీళ్ళు ఎర్రబడ్డాయి. ఒడ్డెక్కేసరికి గుడ్డ వెలవెలబోయింది, నక్క మాత్రం ముక్కు నుంచి తోక దాకా ఎర్రగా తేలాడు. పక్కనే సింగారమ్మ గుడ్డ నీళ్ళోడుతోంది, కంకులు నిక్కి నిలబడ్డాయి.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని వినడమే గానీ కళ్ళారా చూడడం ఇదేనంది ముత్తమ్మ. నవ్వులు ఆగాక అచ్చు ఎక్కడుందో అతనే చెప్పాల్సి వచ్చింది.

ఆ పండగకు మందంతా జొన్నకంకుల దుప్పట్లతో నడిచింది. పై వాడల చుట్టాలు వస్తున్నారు, ఇకనైనా ఆ పాత గుడ్డలు కంచె మీంచి తీసేయకూడదా అని కొందరు పెద్దలు సింగారమ్మకు కబురంపారు. తీయనని ఆమె తిరుగు కబురంపింది. వాటిని చూసి సిగ్గుపడాల్సిన పని తనకు లేదంది.

నాంచారయ్య ఏరు దాటిపోయాడు. గుడ్డను వదిలిన రంగు ఒంటి బొచ్చును వదలక, అవతలి గట్టున కుందేళ్ళు అతన్ని ఆమడ దూరం నుంచే ఆనవాలు పట్టి పరుగెత్తేవి.

చెడిన పనిని దాచినవాడికి సిగ్గు మిగులుతుంది, ఆరేసి చూసుకున్నవాడికి విద్య మిగులుతుంది.