ఏడో రోజు కాగితం

ఎవరైనా ప్రశ్న అడిగితే మా వారు జవాబు చెప్పేవారు కారు, ఒక పని చెప్పేవారు. ఆ పని చేసుకొచ్చాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు చూద్దామనేవారు. అలా రెండోసారి అడిగినవాళ్ళని నేను ఇద్దరినో ముగ్గురినో చూశాను, అంతే. ఆయన పేరు కెప్టెన్ గంటి సోమయాజులు. ప్రయాణికుల విమానాలు నడుపుతూనే, నేల మీద ఉండి ఆకాశంలో ఉన్నట్టు ఊగే సిమ్యులేటర్ గదిలో కొత్త పైలట్లకి ఏళ్ళ తరబడి నేర్పారు. రిటైరయ్యాక బోయినపల్లిలో మా ఇంటి వరండాలోనే గురువారం పొద్దున్న పాఠం. వచ్చేవాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చునేవారు. ఆ నియమం ఆయనది కాదు, నాది.

ఆ ఏడు కార్తీకం ఇంకో నాలుగు రోజుల్లో వస్తుందనగా, పాఠం అయ్యాక వకుళ ఒక్కతే మిగిలిపోయింది. పార్వతీపురం పిల్ల. తండ్రి ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆమెకి కమర్షియల్ లైసెన్సు వచ్చి మూడేళ్ళయినా ఉద్యోగం రాలేదు. లైసెన్సు ఉన్నంత మాత్రాన ప్రయాణికుల విమానం ఎక్కనివ్వరు. ఫలానా రకం విమానం నడపగలనని విడిగా ఒక కోర్సు చేసి పాసవ్వాలి, దాన్ని టైప్ రేటింగ్ అంటారు. దానికి తండ్రి తన పీఎఫ్ డబ్బు మొత్తం తీసి ఇస్తానన్నాడు. వకుళ సంచిలోంచి ఆ కోర్సు చెప్పే సంస్థల రంగురంగుల పుస్తకాలు మూడు తీసి ఆయన ముందు పెట్టింది.

"సార్, ఇది చవక. పది రోజుల్లో అయిపోద్ది, మొదటిసారికే అందరూ పాసంట. ఇది విదేశంలో, దీని ఫీజు తలుచుకుంటేనే నిద్ర పట్టదు. ఇది మధ్యరకం. నాన్న డబ్బు ఒక్కసారికే సార్. ఇది తప్పితే నేను ఇంటికెళ్ళి కూర్చోవడమే. చవగ్గా ఉండాలి, మంచిదై ఉండాలి. ఏది సార్?"

ఆయన పుస్తకాలు తెరవలేదు. కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకుంటూ అన్నారు.

"నన్నడిగితే ఏం లాభం? నేను పాసు చేసినవాళ్ళంతా నన్ను పొగుడుతారు. నేను ఫెయిల్ చేసినవాణ్ణి అడుగు. చీరాలలో శ్రీపతి అని ఒకాయన డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. విదియ నాటికి అక్కడుండు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాకు చేతిలో ఉన్న కాఫీ గ్లాసులు ఎక్కడ పెట్టాలో తోచలేదు. శ్రీపతి నా తమ్ముడు. పంతొమ్మిదేళ్ళుగా మా వారి నోట ఆ పేరు నేను వినలేదు.

మా ఇంట్లో ఫోటోల వెనక తేదీలు రాసేది, తద్దినాల తిథులు గుర్తుంచుకునేది నేనే గనక ఇది కూడా నేనే చెప్పాలి. శ్రీపతి టైప్ రేటింగుకి చేరిన చోట ఆ వారం నేర్పే వంతు మా వారిది. సొంత బావే గురువు, ఇంకేం కావాలని మా అమ్మ వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టింది. ఏడో రోజున సిమ్యులేటర్‌లో ఒక ఇంజను ఆపి, అప్పుడేం చేయాలో నేర్పుతారు. ఉన్న రెండింటిలో ఒకటి ఆగిపోతే విమానం ముక్కు ఆ వైపుకి తిరిగిపోతుంది. అప్పుడు రెండో వైపు కాలితో పెడల్ తొక్కి దాన్ని నిలబెట్టాలి. శ్రీపతి మూడుసార్లు తప్పు కాలు తొక్కాడట. ప్రతి రోజూ చివర గురువు ఒక కాగితం రాసి ఇస్తే కింద శిష్యుడు సంతకం పెట్టాలి. ఒక ప్రతి ఆఫీసుకి, ఒకటి అతనికి. ఆ రోజు మా వారు రాసింది చదివి శ్రీపతి కలం విసిరికొట్టి, తన కాగితం నలిపి జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను ఆయన్ని బతిమాలాను. "మా అమ్మ ముఖం చూసైనా రాసేయండి. ఒక్క సంతకమేగా" అన్నాను. ఆయన తిడతారనుకున్నాను గానీ తిట్టలేదు. "రేపు వాడి వెనక నూట ఎనభై మంది కూర్చుంటారు. వాళ్ళకి అక్కలు లేరా?" అన్నారు. నెల్లాళ్ళు తన దగ్గరుంటే నేర్పుతానని కబురు పంపారు. శ్రీపతి రాలేదు. వేరే చోట చేరి పాసయ్యాడు, ఉద్యోగంలోనూ చేరాడు. ఏడాది తిరగకుండానే మానేసి చీరాల వెళ్ళిపోయాడు. ఎందుకు మానేశాడో ఎవరికీ చెప్పలేదు. బావ పెట్టిన చెడ్డపేరు అక్కడిదాకా పాకిందని మా వాళ్ళు చెప్పుకున్నారు. నోటి దగ్గర కూడు లాగేశాడన్నారు. వద్దు వద్దనుకుంటూనే నేనూ నమ్మాను. ఆయనకి వడ్డిస్తూనే పంతొమ్మిదేళ్ళు నమ్మాను. అమ్మ పోయినప్పుడు శ్రీపతి వచ్చి పది రోజులు ఉన్నాడు గాని, మా వారు కూర్చున్న పంక్తిలో కూర్చోలేదు.

కార్తీక శుద్ధ విదియ నాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి భోజనం చేయాలి. భగినీ హస్త భోజనమంటారు. ఆ పూట తింటే యముడి భయం ఉండదని మా బామ్మ చెప్పేది. ఏటా ఆ రోజు మడి కట్టుకుని వండి, తూర్పు ముఖంగా ఒక విస్తరి వేసి, మధ్యాహ్నం దాటేదాకా చూసి, తరవాత గోశాలకి పంపించేదాన్ని. ఆ ఏడు మాత్రం వకుళ రైలెక్కే ముందు ఆమె చేతిలో నాలుగు గిన్నెల కేరియర్ పెట్టాను. పులిహోర, ఆవ పెట్టిన కందా బచ్చలి, బొబ్బట్లు. పై గిన్నెలో మా దేవుడి దగ్గరి కుంకుమ.

"ఏమని చెప్పమంటారమ్మా?" అంది.

"ఏమీ చెప్పకు. గిన్నెలు తిరిగి తీసుకురా" అన్నాను.

మర్నాడు కాక ఆ మర్నాడు పొద్దున్నే వచ్చింది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, వరండాలో కింద కూర్చుంది. మా వారు కుర్చీలో, నేను గుమ్మం దగ్గర. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

శ్రీపతి స్కూలంటే ఒక పాత మారుతీ కారు, ఒక రేకుల గది. కారులో నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉందట. ఆమె వెళ్ళేసరికి ఒక స్కూలు టీచరమ్మ కారు దిగుతూ శ్రీపతితో పోట్లాడుతోంది.

"నాలుగు నెలలైంది మాస్టారూ! నా పెళ్ళి సంబంధం కూడా ఇంతకాలం నానలేదు. పక్క వీధిలో పదిహేను రోజులకే లైసెన్సు ఇప్పిస్తున్నారు."

"లైసెన్సు ఇప్పిస్తారమ్మా, కాదన్లేదు. రివర్సు ఎవరిప్పిస్తారు? నిన్న పాలవాడి సైకిలు ఏమైంది?"

"వాడే అడ్డమొచ్చాడు!"

"సైకిలు స్టాండు వేసి ఉంది తల్లీ. రేపు ఆరింటికి రండి."

వకుళ చేతిలో కేరియర్ చూడగానే శ్రీపతి ముఖంలో నవ్వు పోయిందట. ఆ కేరియర్ మా అమ్మది, మూత మీద ఆవిడ పేరు చెక్కి ఉంటుంది. కాసేపు ఆ పేరు మీద వేలు పెట్టి నిలబడి, "అక్క పంపిందా, బావ పంపాడా?" అన్నాడట.

"అమ్మగారు కేరియర్ పంపారండి. సార్ నన్ను పంపారు."

అతను ఇంకేం అడక్కుండా లోపలికెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని, కుంకుమ పెట్టుకుని, రేకుల గదిలో తూర్పు ముఖంగా నేల మీద కూర్చుని మిగతా మూడు గిన్నెల్లోదీ తిన్నాడు. పులిహోర రాత్రంతా రైల్లో ఉండి కొంచెం పులిసింది, చెప్పినా వినలేదంది వకుళ. చెయ్యి కడుక్కొచ్చాక ఆమె ప్రశ్న విని, కారు దగ్గరికి వెళ్ళాడు. డాష్‌బోర్డులో కారు కాగితాలు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోంచి రెండు తీశాడు. ఒకటి బంగారు అంచు సర్టిఫికెట్. రెండోది నలిగి, ఇస్త్రీ చేసి, మడతల్లో చిరిగిన కాగితం.

సర్టిఫికెట్ చూపిస్తూ అన్నాడట: "ఇది చవగ్గా వచ్చిందమ్మా, పది రోజుల్లో. చాలా మంచివాళ్ళు. మధ్యలో టీ ఇచ్చేవాళ్ళు. ఒక్కరోజు కూడా నా మనసు కష్టపెట్టలేదు. 'ఇప్పుడు ఎడమ ఇంజను ఆపుతున్నాం, రెడీయా?' అని అడిగి మరీ ఆపేవాళ్ళు. నేను కుడి కాలు తొక్కేవాణ్ణి. 'శభాష్' అనేవాళ్ళు. పొరపాటున తప్పితే ఒక బటన్ నొక్కితే విమానం మళ్ళీ రన్‌వే మీదికి వచ్చేసేది."

"తరవాత?" అంది వకుళ.

"ఉద్యోగంలో చేరిన ఎనిమిదో నెలలో, ఒక పొద్దున్న నేల విడిచిన కాసేపటికి నిజంగానే ఆగింది. రెడీయా అని ఎవరూ అడగలేదు."

అక్కడ ఆగి తన కాళ్ళకేసి చూసుకున్నాడట.

"బావ రాసిన తప్పు కాలే తొక్కాను. రెండు క్షణాలు. పక్కనున్న కెప్టెన్ అరిచి, నా చేతిలోంచి విమానం తను లాక్కున్నాడు. క్షేమంగా దిగాం. వెనక ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఎవరూ పొమ్మనకముందే నేనే వచ్చేశాను."

"అక్కగారికి చెప్పలేదా?"

"చెబితే బావ చెప్పింది నిజమని ఒప్పుకోవాలి. ఇవాళ, రేపు అనుకుంటూ ఉండిపోయాను. అమ్మ పోయింది. ఆ తరవాత చెప్పడానికి ముఖం లేకపోయింది."

అప్పుడు వకుళ దగ్గర కలం అడిగి తీసుకుని, కారు బానెట్టు మీద ఆ నలిగిన కాగితం పరిచి, ఏదో రాసి మడిచి ఇచ్చాడు. "ఇది మీ సార్‌కి ఇయ్యి. అప్పటి పని, మిగిలిపోయింది" అన్నాడు. గిన్నెలు తనే తోమి తుడిచి ఇచ్చాడు.

వకుళ కాగితం మా వారి చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన దస్తూరీ తనే చదువుకున్నారు. నేను దగ్గరికెళ్ళి చూశాను. ఇంగ్లీషులో ఉన్నది నాకు తెలిసినంతవరకు ఇదీ: 'ఆగే ఇంజను ముందుగా చెబితే సరైన కాలు. చెప్పకపోతే మూడుసార్లూ తప్పు కాలు. తెలివైనవాడు. ఇంకా నేర్పాలి. ఇప్పుడు పరీక్షకి పంపను.' దాని కింద శిష్యుడి సంతకం అని అచ్చువేసిన గీత. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న ఆ గీత మీద మా తమ్ముడి పేరు, పక్కన నిన్నటి విదియ తారీఖు.

'ఇంకా నేర్పాలి' అన్న మాట నేను అప్పుడే మొదటిసారి చూశాను. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆ మాట నాకు చెప్పుకోలేదు, నేను అడగలేదు.

కేరియర్ విప్పాను. అడుగు గిన్నెలో ఒక రవికల గుడ్డ, రెండు పసుపుకొమ్ములు. అక్క చేతి అన్నం తిన్న తమ్ముడు ఊరికే పోకూడదు కదా.

"వస్తానన్నాడా?" అని అడిగాను.

"అనలేదమ్మా" అంది వకుళ తల వంచుకుని.

తరవాత వకుళ తన పుస్తకాలు మూడూ దగ్గరికి తీసుకుని, బంగారు రంగు అక్షరాలతో మెరిసే ఆ పది రోజుల చవకదాన్ని వేరుగా పక్కన పెట్టింది.

"అడగాల్సింది తెలిసింది సార్. చెప్పి ఆపుతారా, చెప్పకుండా ఆపుతారా అని అడుగుతాను. ఆఖరుసారి ఎవరిని పరీక్షకి పంపకుండా ఉంచారో అడుగుతాను. కానీ సార్..." అని మిగతా రెండూ ఒళ్ళో పెట్టుకుంది. "అలాంటి చోట నన్ను కూడా ఆపేస్తే? నాన్న దగ్గర ఇంకేం లేదు. శ్రీపతి గారి విషయంలోనే చూడండి. మీరు రాసిన ఆ కాగితం చవకనుకోవాలా, ఖరీదనుకోవాలా?"

రెండోసారి అడిగిన ఆ కొద్దిమందిలో ఆమె ఒకతి. మా వారు కాగితం పాత మడతల మీదే మళ్ళీ మడిచారు. రవికల గుడ్డ పట్టుకుని నిలబడ్డ నా వైపు చూడకుండానే అన్నారు.

"అది నన్నడక్కమ్మా. దాని ఖరీదు ఇన్నేళ్ళూ కట్టింది ఆవిడ."