తాళంచెవి పట్టుకున్న అమ్మాయి

తెలుగు డిటెక్టివ్ పత్రికల ముఖచిత్రాల గురించి నాకు తెలిసినంత ఈ భూమ్మీద మరెవరికీ తెలియదు. భూమ్మీద అన్నది మరీ ఎక్కువైతే మా వీధిలో అందాం. మా వీధిలో ఈ పిచ్చి ఇంకెవరికీ లేదు.

పిచ్చి అంటించింది భుజంగరావు మాస్టారు. తెనాలిలో హైస్కూలు పిల్లలకి డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు ఆయన వెనకాలే పాత పుస్తకాల గుట్టల దగ్గరికెళ్లి, హత్యలూ దోపిడీలూ చిత్తుకాగితాల ధరకి ఏరుకొచ్చేవాణ్ణి. బొమ్మని ఎలా చూడాలో ఆయనే నేర్పారు. అచ్చులో రంగు కాస్త జరిగితే పెదవి మీది ఎరుపు చెంపకి ఎక్కుతుందనీ, చేతులు గీయడం రానివాడు హంతకుడి చేత చేతులు జేబుల్లో పెట్టిస్తాడనీ ఆయన చెబితేనే తెలిసింది. తెచ్చిన ప్రతి పత్రికనీ నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అంచులు అతికించి, బీరువాలో నిలబెట్టేవాణ్ణి.

ఆ బీరువాలో రాణి ఒకటుండేది. 'నల్లతేలు' మాసపత్రిక పాత సంచిక. అట్ట మీద వాన. సగం తెరిచిన తలుపు. చేతుల్లేని జాకెట్టు తొడుక్కున్న అమ్మాయి, గుప్పిట్లో తాళంచెవి, ఇంతింత కళ్లు. అలాంటి ప్రతి ఇంకొకటి ఉందని నేను ఎక్కడా వినలేదు.

తీసుకెళ్లి చూపిస్తే మాస్టారు చాలాసేపు చూశారు.

"ఈ పిల్ల దేన్ని చూసి భయపడుతోందంటావురా కిరీటీ?"

"తలుపు వెనకాల హంతకుడున్నాడు మాస్టారూ. ఆ పసుపు వెలుగు చూడండి, కత్తిలా గీశాడు. మన కన్ను అటే పోతుంది."

"ఊఁ," అన్నారాయన. "ఓ వారం ఉంచుకోనా?"

గురువు అడిగితే కాదంటామా? కవరు విప్పి పత్రిక ఇచ్చాను. నా ప్రాణం మాత్రం ఖాళీ కవర్లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

మరుసటి ఆదివారం మాస్టారు 'దీపారాధన' అనే భక్తి పత్రిక ఒకటి నా చేతిలో పెట్టి, "జాగ్రత్త," అని స్నానానికి వెళ్లిపోయారు. అట్ట మీద ఇత్తడి దీపపు కుంది, రెండు తమలపాకులు. అంత నీరసమైన అట్ట నా జన్మలో చూడలేదు. ఈమధ్య నాకు భక్తి తగ్గిందని ఎత్తిపొడుపు కాబోలనుకున్నాను. లావుగా ఉంది, ప్రత్యేక సంచికేమో. ఇంటికి రాగానే మా బామ్మ ఒళ్లో పడేశాను.

ఆ పై వారం, ఇక ఉండబట్టలేక అడిగాను.

"మాస్టారూ, నల్లతేలు..."

"ఇచ్చేశాను కదరా."

ఇచ్చెయ్యడమేమిటి? ఆ మాట అంటూ ఆయన కళ్లు ఆర్పారు. ఏ పాపం ఎరగనివాళ్లు అలా ఆర్పుతారా? ఆయన భార్య వకుళమ్మగారు ఆ రోజు నా కాఫీలో పంచదార ఎక్కువేశారు. ఎందుకు వేసినట్టు? మంచం కింద ట్రంకుపెట్టెకి తాళం ఉంది. పోయినవారం ఉందా? గుర్తులేదు. నాకే గుర్తులేదంటే అందులో ఏదో ఉంది.

ఇంటికొస్తే ఇంకో గొడవ. మా బామ్మకి భక్తి ముదిరింది. టీవీ సీరియల్ కట్టేసి, దీపారాధన ముఖానికి అడ్డంపెట్టుకుని, ఉన్నట్టుండి "పీడా విరగడైంది!" అనేది. ఏ రాక్షస సంహారమో చదువుతోందనుకున్నాను.

మూడో ఆదివారానికి నాలో డిటెక్టివు పూర్తిగా నిద్రలేచాడు.

"తప్పుగా అనుకోకండి మాస్టారూ. ఒక్కసారి ఇల్లు వెతకనా?"

అన్నాక తెలిసింది ఎంత మాట అన్నానో. నాకు చూపు నేర్పిన మనిషిని దొంగన్నాను. ఆయన పొమ్మంటే నాకు బీరువా మిగిలేది, ఆదివారాలు మిగిలేవి కావు.

మాస్టారు లేచి లోపలికెళ్లి టార్చిలైటు తెచ్చారు.

"మంచం కింద చీకటిగా ఉంటుంది," అని చేతికిచ్చారు.

పరుపు ఆయనే ఎత్తిపట్టుకున్నారు. ట్రంకుపెట్టె తాళం ఆయనే తీశారు. లోపలన్నీ పాత విద్యార్థులు గీసిన బొమ్మలు. వాటిలో ఆరో తరగతిలో నేను గీసిన ఏనుగు కూడా ఉంది. చూస్తే ప్రెషర్ కుక్కర్‌కి తొండం మొలిచినట్టుంది. దాన్ని కూడా మడత పడకుండా దాచారు.

సిగ్గున్నవాడైతే అక్కడితో ఆగేవాడు.

"అటక మీద?" అన్నాను నేను.

నిచ్చెన వైపు చెయ్యి చూపించి, మాస్టారు పడక్కుర్చీలో కూర్చున్నారు. అరలోంచి ఓ దీపారాధన తీసి చదువుకోసాగారు. వకుళమ్మగారు గుమ్మంలోకి వచ్చి ఆయన్ని ముచ్చటగా చూశారు.

"ఇల్లంతా దుమ్ము రేగుతున్నా సరే, ఈయన పారాయణ ఆగదు నాయనా," అని వంటింట్లోకి వెళ్లారు.

ఆవిడ అటు తిరగ్గానే మాస్టారు పేజీ తిప్పారు. ఇత్తడి కుంది కిందనుంచి ఓ తుపాకి గొట్టం బయటికి తొంగిచూసింది. భక్తి అట్ట లోపల ఇంకో అట్ట ఉంది.

నిచ్చెన మీంచి నేను చూడటం ఆయన చూశారు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ అలవాటు," అన్నారాయన గొంతు తగ్గించి. "ఆవిడకి తెలీదు."

ఒక్క ఉరుకున ఇంటికొచ్చి పడ్డాను. బామ్మ వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇప్పుడు దీపారాధన కూడా అడ్డంలేదు. చేతిలో నల్లతేలు బాహాటంగా ఉంది. లాక్కుని అట్ట చూశాను.

అమ్మాయి జాకెట్టుకి చేతులొచ్చాయి. నీలం బాల్‌పెన్నుతో, మణికట్ల దాకా, మడతలతో సహా.

"బామ్మా! ఏం చేశావే?"

"వానలో నిలబడిందిరా. చలెయ్యదూ పాపం?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. పత్రిక ఒళ్లో పెట్టుకుని బామ్మ పక్కన కూర్చున్నాను. తల ఎత్తకుండానే బామ్మని ఒక మాట అడిగాను. బామ్మ చెప్పింది.

సాయంత్రం పత్రిక తీసుకుని మళ్లీ మాస్టారి దగ్గరికెళ్లాను. "క్షమించండి," అన్నాను. ఆయన విన్నట్టు లేదు. బాల్‌పెన్ను గీతల మీదే ఉంది ఆయన చూపు. బంగారంలాంటి బొమ్మ పాడైందని ఆయనా బాధపడతారనుకున్నాను.

"ఇన్నాళ్లకి ఈ పిల్లని సరిగ్గా చూసినవాళ్లు ఒకరు దొరికారు," అన్నారు.

తర్వాత పత్రిక నావైపు తిప్పారు.

"ఇప్పుడు చెప్పు. దేన్ని చూసి భయపడుతోంది?"

"భయపడటంలేదండీ. చంపింది ఆ అమ్మాయే. బయటినుంచి తాళం వేసి వెళ్లిపోబోతోంది. తలుపు వెనకాల హంతకుడెవడూ లేడు."

మాస్టారి ముఖం విప్పారింది.

"చదివావన్నమాట!"

'ఊఁ' అనేస్తే సరిపోయేది. కానీ ఆయన అట్ట చూసినట్టే నా ముఖం చూస్తున్నారు.

"లేదండీ," అన్నాను. "ఇదే కాదు, బీరువాలో ఉన్నవాటిలో ఒక్కటి కూడా చదవలేదు. మా బామ్మ చెప్పింది."