ఏనుగుతో టీకొట్టు దాకా

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నేను తారుమారు చేసి ఉండొచ్చు. ఈమధ్య నాకు రోజులు ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి. అందుకే ఇంకా గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నాను.

తెనాలిలో బ్యాండు సామాను బాగుచేసే దరియా సాహెబు దగ్గర ఎలీషా తొమ్మిదేళ్లు పని నేర్చుకున్నాడు. సొట్టలు తీశాడు, తోలు బిళ్లలు మార్చాడు, టంకాలు పెట్టాడు. చెయ్యి మంచిదని అందరూ అనేవాళ్లు. కానీ ఒక వాయిద్యాన్ని మొదటినుంచి చివరిదాకా తన బుర్రతో చేసి, ఇది నా పని అని చెప్పుకునే రోజు మాత్రం రాలేదు. ఆ వెలితి అతన్ని లోపల్లోపల తినేసేది.

ఆ రోజు ఒక ఆదివారం ఆటోలో వచ్చింది. వెనకసీటు మొత్తం ఆక్రమించుకుని, దుప్పటి కప్పుకుని వచ్చింది.

అది బేస్ శాక్సోఫోను. నిలబెడితే ఎలీషా ఛాతీదాకా ఉంది. ఏ తెల్లవాళ్ల పటాలంలోనో మోగీ మోగీ, పటాలం పోయాక వేలంపాటలో సాలెం అనే పెళ్లిబ్యాండువాళ్ల చేతికొచ్చిందట. తొంభై ఏళ్ల పైమాటే. దాని కింది స్వరాలు చెవికి కాదు, పొట్టకి వినపడతాయి. బ్యాండువాళ్లు దానికి ఏనుగు అని పేరు పెట్టుకున్నారు.

తెచ్చినవాడు బ్యాండు మేస్త్రీ ఇమ్మానుయేలు. దాన్ని నలభై ఏళ్లుగా వాయిస్తున్నది అతని చిన్నాన్న బర్నబాసు. పొట్టి మనిషి. ఊరేగింపులో ముందునుంచి చూస్తే ఏనుగే కనపడేది గాని ఆయన కనపడేవాడు కాదు.

"చిన్నాన్న ఈమధ్య ఆయాసపడుతున్నాడు సాయిబు గారూ," అన్నాడు ఇమ్మానుయేలు. "దీన్ని కొత్త పద్ధతికి మార్చి, తేలిగ్గా పలికేటట్టు చెయ్యండి. సరిగ్గా వారానికి, వచ్చే ఆదివారం రేపల్లెలో పెళ్లి ఊరేగింపుంది. అప్పటికీ కుదరకపోతే ఏనుక్కి సెలవిచ్చేస్తాను. కీబోర్డు కొని బండిమీద పెట్టేస్తా."

దరియా సాహెబు ఆ పూటే కూతురి పురుడికి ఒంగోలు ప్రయాణం పెట్టుకున్నాడు. సంచి చంకన పెట్టుకుని అదే ఆటో ఎక్కాడు.

"ఒరే ఎలీషా, ఇది నువ్వే చెయ్యి. నేను శుక్రవారానికి వస్తా. విప్పేముందు బర్నబాసుని పిలిపించుకో."

అది ఆ కొట్టు ఆనవాయితీ. ఎంత చిన్న పనైనా సరే, వాయించేవాడు వచ్చి కొట్టుముందు ఒకసారి వాయిస్తే గాని మొదటి మర విప్పేవాళ్లు కాదు.

"అలాగే ఉస్తాదు," అన్నాడు ఎలీషా.

పిలిపించలేదు. ఆటో మలుపు తిరగ్గానే దుప్పటి లాగేశాడు. లాగాక ఇంక ఎవర్నో పిలవాలన్న సంగతే గుర్తు రాలేదు.

ఏనుగు ఒంటినిండా మొరటు పనులే. చిటికెనవేలి మీటల మీద నల్లటి లక్క ముద్దలు మూడు. ఒక మీట లోపలికి వంగి, కాలు విరిగిన కోడిలా ఉంది. అడుగున, నడుం తగిలేచోట, సైకిలు ట్యూబు చుట్టిన తాటిచెక్క ముక్క ఒకటి తీగతో కట్టి ఉంది. ఎలీషాకి వాటిని చూస్తే ఒళ్లు మండింది. ఇంత జాతి వాయిద్యానికి ఇదా మర్యాద అనుకున్నాడు.

లక్క గీకేశాడు. వంగిన మీటని వేడిచేసి తిన్నగా సాగగొట్టాడు. తాటిచెక్కని తీసి పొయ్యిలో పెట్టాడు.

తర్వాత అసలు పని మొదలుపెట్టాడు. స్వరాన్ని పైస్థాయికి ఎక్కించడానికి పాతకాలపు పద్ధతిలో బొటనవేలి కింద రెండు మీటలుండేవి. ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోవాలి. ఎలీషా ఆ రెంటినీ లోపల్నుంచి కలిపి, ఒక్క మీటతో పని జరిగేట్టు చేశాడు. ఒక గడియారం స్ప్రింగు, ఒక సైకిలు చువ్వ, నాలుగు రోజుల ఓపిక. అన్నం తింటూ కూడా బొటనవేలు ఆడించుకుంటూ కూర్చునేవాడు. ఐదోరోజున అది పలికింది. కిందినుంచి పైకి నూనెలో జారినట్టు వెళ్లింది. ఎలీషా ఒక్కడే కొట్లో నిలబడి నవ్వుకున్నాడు.

శుక్రవారం దరియా సాహెబు వచ్చాడు. మనవడు పుట్టాడని అందరికీ ఖర్జూరాలు పంచాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఏనుగు దగ్గర కూర్చున్నాడు. కొత్త మీటని నొక్కి చూశాడు, మళ్లీ నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు.

"ఇది నా వల్ల అయ్యేది కాదురా," అన్నాడు.

ఎలీషాకి కడుపు నిండిపోయింది.

"ఇక్కడ ఏదో ఉండాలే?" అన్నాడు ఉస్తాదు, చిటికెనవేలి మీట తడుముతూ.

"ఎవడో మొరటోడు లక్క అంటించి చచ్చాడు ఉస్తాదు. పేడముద్దల్లా. గీకేశా."

"పేడముద్దల్లానా?"

"అచ్చం."

"అహా," అన్నాడు దరియా సాహెబు. కాసేపు ఆ మీటవైపే చూశాడు. ఇంకో ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.

ఎండ కొంచెం తగ్గాక బర్నబాసు వచ్చాడు. వాయిద్యాన్ని చూసి, చుట్టాన్ని చూసినట్టు దాని మెడ నిమిరాడు. బల్లమీద కూర్చుని వాయించాడు. బ్రహ్మాండంగా పలికింది. ఎదురుగా మిషను కుట్టే ఆయన పని ఆపి విన్నాడు.

"ఒక్క మీటేనా? భలే చేశావు అబ్బాయ్," అన్నాడు బర్నబాసు. అని లేచి, పట్టీ మెడకి తగిలించుకుని, కొట్టుముందు నాలుగు అడుగులు నడుస్తూ అందుకున్నాడు.

రెండో అడుగుకి స్వరం తప్పింది. నాలుగో అడుగుకి ఇంకోటి. ఏనుగు అటూ ఇటూ ఊగి ఆయన మోకాలికి కొట్టుకుంది. ఆగాడు. ఇంకోసారి మొదలుపెట్టాడు. మళ్లీ అదే. చిటికెనవేలు గాలిలో వెతుక్కుంటోంది.

మెల్లిగా పట్టీ తీసి, వాయిద్యాన్ని బల్లమీద పడుకోబెట్టాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"తప్పు దాంది కాదులెండి సాయిబు గారూ. కూర్చుంటే ఎంత చక్కగా పలికిందో విన్నారుగా. నాకే వేళ్లు అందటంలా. వయసైపోయింది." నవ్వబోయాడు గాని నవ్వు సరిగ్గా రాలేదు. "ఎల్లుండి నేను తాళాలు పట్టుకుంటానని మావాడితో చెప్పండి. తాళాలకేం, రెండు చేతులుంటే చాలు."

ఎలీషా ఉస్తాదు పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "పాపం, ఆయన చెప్పింది నిజమే ఉస్తాదు. వాయిద్యంలో వంక లేదు. కావాలంటే నేను వాయించి చూపిస్తా."

"చూపించు," అన్నాడు దరియా సాహెబు. "ఎలాగూ లేచావు, మూడు టీలు చెప్పిరా. దాన్ని మెడలో వేసుకునే వెళ్లు. పోయేప్పుడూ వచ్చేప్పుడూ వాయిస్తూనే ఉండు. ఆగావో, టీడబ్బులు నీవే."

టీకొట్టు వీధి చివర ఉంది. మహా అయితే రెండొందల అడుగులు.

ఎలీషా పొడుగరి, బలం ఉన్నవాడు. గుమ్మం దిగేటప్పుడు బాగానే దిగాడు. పది అడుగులకి పట్టీ మెడని కోయడం మొదలుపెట్టింది. ఇరవైకి ఏనుగు ఊగడం మొదలుపెట్టింది. అది ఎడమకి ఊగితే చెయ్యి దాన్ని ఆపడానికి పోతోంది. చెయ్యి ఆపడానికి పోతే చిటికెనవేలు మీటమీద నుంచి జారిపోతోంది. బల్లమీద కూర్చున్నప్పుడు అన్ని మీటలూ ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటీ ఉన్నచోట లేదు.

"ఏం ఎలీషా, ఏనుగుని మేతకి తోలుకెళ్తున్నావా?" అని అరిచాడు మిషను కుట్టే ఆయన.

"మేతకి కాదు, ఎదకొచ్చినట్టుంది, ఆ అరుపు చూడు!" అంది ఇస్త్రీబండి దగ్గర కోటమ్మ. వీధంతా ఘొల్లున నవ్వింది.

ఎలీషా ఆగలేదు. ఆగకూడదన్నాడుగా. టీకొట్టు చేరేసరికి చొక్కా తడిసిపోయింది, మోకాలిచిప్ప వాచింది, పలకాల్సిన పాట ఎక్కడో నాలుగిళ్ల వెనకే రాలిపోయింది. టీకొట్టు శివయ్య గ్లాసులు అందించబోయి, ఇతని చేతులు చూసి, "ఉండు బాబూ, నేనే తెస్తాలే," అని వెంట బయల్దేరాడు.

తిరుగుదారిలో అతను పాట వాయించలేదు. ఒక్కో అడుగుకీ ఒక్కో మీట నొక్కుతూ, వేలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ వచ్చాడు. చిటికెనవేలు జారినచోట ఏముండేదో అప్పుడు గుర్తొచ్చింది. ఏనుగు నడుముకి గుద్దుకున్నచోట ఏం కట్టి ఉండేదో గుర్తొచ్చింది.

కొట్లోకి వచ్చేసరికి ఇద్దరు పెద్దమనుషులూ మనవల గురించి మాట్లాడుకుంటున్నారు. ఉస్తాదు టీ అందుకున్నాడు.

ఎలీషా బర్నబాసు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తాతా, మొన్న నిన్ను పిలిపించుకోవాల్సింది. పిలవలేదు. ఇప్పుడొకసారి నాతో వీధిలోకి వస్తావా?"

"ఎందుకురా, నలుగురూ నవ్వటానికా?"

"నవ్వాల్సింది నన్ను చూసి నవ్వేశారులే. రా."

బర్నబాసు వాయిస్తూ నడిచాడు. ఎలీషా చేతిలో సుద్దముక్కతో ఆయనకి ఎదురుగా వెనక్కి వెనక్కి నడిచాడు. వేలు మీటని అందుకోలేక ఎక్కడ పడుతోందో చూసి అక్కడ గీత పెట్టాడు. మళ్లీ కొట్లోకి వచ్చి, స్పిరిట్ దీపం వెలిగించి, లక్క కరిగించి, ముద్ద పెట్టాడు. మళ్లీ వీధిలోకి. మొదటి ముద్ద ఎత్తెక్కువైంది. గీకి మళ్లీ పెట్టాడు. రెండోది సరిపోయింది. అలా ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. కోటమ్మకి కూడా నవ్వే ఓపిక పోయింది.

ఒక మీట మాత్రం ఏం చేసినా అందడం లేదు. అది తను తిన్నగా సాగగొట్టిన మీటే.

"ఇది లోపలికి వంగి ఉండేది," అన్నాడు ఎలీషా తలొంచుకుని.

"అవును, నా చిటికెనవేలు పొట్టిది గదా," అని చెయ్యి చాపి చూపించాడు బర్నబాసు. "నేనే పొట్టి, అది నాకంటే పొట్టి. మీ ఉస్తాదు కుర్రాడిగా ఉన్నప్పుడు ఇట్టాగే నా ముందర వెనక్కి నడుస్తా చూశాడు. చూసి చూసి స్టేషను రోడ్డుమీద మురిక్కాలవలో పడ్డాడు. పడ్డాక లేచి, అక్కడే కాలవగట్టు రాయి మీద పెట్టి వంచాడు దాన్ని. ఆ లక్క కూడా ఆయన చేతిదే. ముప్పై ఏళ్లు నిలిచింది, ఏమనుకున్నావు?"

ఎలీషా కొట్టువైపు చూశాడు. దరియా సాహెబు గుమ్మంలో కూర్చుని, టీగ్లాసు అడుగున మిగిలిన చక్కెరని వేలితో తీసుకుని నాకుతున్నాడు. చాలా తీరికగా ఉన్నాడు.

ఎలీషా వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఆ పేడముద్దలు..." అన్నాడు.

"నిజమేరా, అందంగా ఉండేవి కావు," అన్నాడు ఉస్తాదు. "నీవి చూడనీ." వంగి చూశాడు. "నీవి ఇంకా ఘోరంగా ఉన్నాయి."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఎలీషా మీటని దీపంమీద వేడిచేశాడు. ఐదురోజుల కింద ఎంతో గర్వంగా తిన్నగా చేసిన ఇత్తడిని, ఒక పొట్టి వేలికోసం మళ్లీ లోపలికి వంచాడు. తాటిచెక్క పొయ్యిలో పోయింది కాబట్టి, పాత కుర్చీ చెయ్యి కోసి, ట్యూబు చుట్టి, బర్నబాసు నడుముకి ఆనేటట్టు కట్టాడు.

బొటనవేలి మీట సంగతి అడిగాడు. "దీన్ని కూడా పాతలాగా రెండు చేసేయమంటావా తాతా?"

"చంపుతా," అన్నాడు బర్నబాసు. "దాన్ని ముట్టుకోబాక. అది బంగారం."

అన్నీ బిగించాక బర్నబాసు ఏనుగుని ఇంకోసారి మెడలో వేసుకున్నాడు. ఊరేగింపులో వాయించే పాట ఎత్తుకుని గుమ్మం దిగాడు. ఒక అడుగు, రెండు, పది. స్వరం తప్పలేదు. ఏనుగు ఊగలేదు, ఆయన నడుముకి పసిపిల్లలా అతుక్కుని వెళ్లింది. మిషను దాటాడు, ఇస్త్రీబండి దాటాడు. టీకొట్టు దగ్గర వెనక్కి తిరుగుతాడని ఎలీషా చూస్తున్నాడు.

తిరగలేదు. టీకొట్టు కూడా దాటి, మెయిన్ రోడ్డు మలుపులోకి వెళ్లిపోయాడు. మనిషి కనపడ్డం మానేశాక కూడా ఆ కింది స్వరాలు కొట్లో రేకుల్ని సన్నగా వణికిస్తూనే ఉన్నాయి.

"ఉస్తాదు!" ఎలీషా కంగారుగా చెప్పులు వెతుక్కున్నాడు. "ఎక్కడికి పోతున్నాడు? లక్కకి ఆకురాయి పట్టలేదు, పాలిష్ పెట్టలేదు, ఇంకా పని పూర్తి కాలేదు!"

దరియా సాహెబు అతని చొక్కా పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పట్టుకుపోయాడంటే, అయిపోయినట్టేరా."

*

సుగుణా, నువ్వొకసారి చదివి పేర్లు సరిచూడమ్మా. ఆ పొట్టాయన బర్నబాసేనా, బర్తొలొమయ్యా? ఇస్త్రీబండి ఆవిడ కోటమ్మేనా? మా ఉస్తాదు దరియా సాహెబు పేరు మాత్రం చూడక్కర్లేదు. అది నాకు గుర్తుంది.